రొయ్యల రేట్ల సైటు కట్టాను, చెరువు గట్టు మీద నాన్న వాడలేకపోతున్నారు. ఎక్కడ సరిచేయాలి?

గట్టుమీద_కోడర్ | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు ఆరెకరాల్లో వనామీ రొయ్యల సాగు చేస్తారు. మా చుట్టుపక్కల రైతులు పొద్దున్న లేవగానే రేటెంత అని నలుగురికి ఫోన్లు చేస్తారు. ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ పొంతన ఉండదు. అందుకే కౌంట్ వారీగా ఆ రోజు రేట్లు చూపించి, అక్కడి నుంచే పట్టుబడికి (అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మడానికి) కొనేవాళ్ళని పిలిచేలా చిన్న సైటు కట్టాను. (తెలియనివాళ్ళ కోసం: కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది.)

లాప్‌టాప్‌లో చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఫ్రెండ్స్ కూడా బాగుందన్నారు. నిన్న ఉదయం నాన్నతో చెరువు దగ్గరికి వెళ్ళి ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. అక్కడ చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అప్పుడే చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం) ఎత్తి చూసి దించారు. చేతులు తుడుచుకున్నారు గానీ తడి పూర్తిగా పోలేదు. ఎండ ఎదురుగా కొడుతోంది. ఫోన్‌ని ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పట్టుకుని చూశారు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి తల మీదుగా ఫోన్ మీదకి కప్పుకుని, లోపల్నుంచే "అంకెలు కనపడట్లేదురా" అన్నారు. 60 కౌంట్ నొక్కబోయారు. సరిగ్గా అప్పుడే పైన బ్యానర్ ఫోటో లోడయ్యి పేజీ మొత్తం కిందికి జారింది. వేలు 50 మీద పడింది. వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కారు. చివర్లో "పంపు" నొక్కితే ఏమీ కదల్లేదు. ఇంకో మూడు సార్లు నొక్కారు. నాలుగు సార్లూ అభ్యర్థన వెళ్ళిపోయింది.

ఫోన్ నాకిచ్చేసి, తన బటన్ల ఫోన్ తీసి ఏజెంటుకి కాల్ చేసుకున్నారు. ఒక్క మాట అనలేదు. నాన్న రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. ఆయనకి రాకపోవడం కాదు, నేను కట్టినదాంట్లోనే లోపం ఉంది. స్క్రీన్‌షాట్లు పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

పాలకొల్లు_పిక్సెల్ | ఆదివారం, రాత్రి 10:05

తమ్ముడూ, చూసింది చూసినట్టు రాశావు, అందువల్ల చెప్పడం తేలికైంది. నేను హైదరాబాద్‌లో పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. ఒక్కొక్కటీ చెప్తాను.

తువ్వాలు సంగతి ముందు. నీ స్క్రీన్‌షాట్‌లో తెల్లటి నేపథ్యం మీద రేట్ల రంగు కోడ్ 999999, అంటే బూడిద రంగు. ఆ జంటకి కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగుల నిష్పత్తి) 2.85 మాత్రమే. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5, పెద్ద అక్షరాలకి 3 ఉండాలని, వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండటానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. బూడిద రంగే కావాలంటే 767676 దగ్గర గానీ ఆ గీత దాటదు. అదైనా కనీసం మాత్రమే, గట్టు మీద మిట్టమధ్యాహ్నపు ఎండకి ఏ మూలకీ చాలదు. 222222 పెట్టు, కాంట్రాస్ట్ 15 దాటుతుంది. ఎవరో ఒకరు డార్క్ మోడ్ పెట్టమంటారు. ఎండలో నల్లటి స్క్రీన్ అద్దంలా మెరిసి మన మొహమే కనిపిస్తుంది. నీ సైటుకి తెల్లటి నేపథ్యం, నల్లటి అంకెలే సరి.

వేలు జారడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి బ్యానర్. ఫోటోకి వెడల్పు, ఎత్తు ముందే ప్రకటించకపోతే బ్రౌజర్ దానికి చోటు ఉంచదు. ఫోటో వచ్చాక మిగతాదాన్ని కిందికి నెడుతుంది. ఈ కుదుపుని గూగుల్ సీఎల్‌ఎస్ అని కొలుస్తుంది, అది 0.1 లోపు ఉండాలి. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది ఇంకో కొలత. నీ బ్యానర్ ఒక్కటే 3 ఎంబీ ఉంది. దాన్ని సరిచేయమనను, తీసేయమంటాను. రేటు కోసం వచ్చిన రైతుకి ముందు రేటు కనపడాలి.

రెండోది వరుసల ఎత్తు. నీవి 30 పిక్సెళ్ళే ఉన్నాయి. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కనీసం 24 అంటుంది గానీ ఆపిల్ 44, ఆండ్రాయిడ్ 48 సూచిస్తాయి. తడి చేతులకి 48 కూడా తక్కువే. టచ్ స్క్రీన్ వేలి వల్ల వచ్చే విద్యుత్ మార్పుని పట్టుకుంటుంది. మధ్యలో నీటి చుక్క ఉంటే వేలెక్కడుందో దానికి సరిగ్గా అందదు. 56 పెట్టి, వరుసకీ వరుసకీ మధ్య కొంచెం ఖాళీ వదులు.

ఇక "పంపు". నొక్కిన 0.1 సెకనులో తెర మీద ఏదో ఒకటి మారితేనే తన నొక్కుడు అందిందని మనిషికి అనిపిస్తుంది. సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే మనిషి వేరే పనిలోకి వెళ్ళిపోతాడు. ఇవి సైట్లూ సాఫ్ట్‌వేర్లూ వాడటం ఎంత తేలికో పరిశోధించే జేకబ్ నీల్సన్ 1993లో రాసిన హద్దులు, ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. నొక్కగానే బటన్ మీద "పంపుతున్నాం" అని మారాలి, రెండోసారి నొక్కుడు పడకూడదు. సర్వర్ వైపు కూడా ఒకే నంబరు నుంచి నిమిషంలో రెండోసారి వచ్చినదాన్ని పక్కన పెట్టు. చేరాక "మీ కబురు చేరింది, ఫలానా నంబరు నుంచి ఫోన్ వస్తుంది" అని చూపించు. ఫోన్ ఎవరు చేస్తారో తెలియకపోతే రైతు ఆ కాల్ ఎత్తడు.

కడియం_మొక్కలు | సోమవారం, ఉదయం 6:40

బాబూ, నేను నీకంటే చాలా పెద్దవాణ్ణి, నర్సరీ వాణ్ణి. డిజైనూ అవీ నాకు తెలియవు గానీ నీ సైటు తెరిచి చూశాను. రేట్లు కనపడక ముందే ఫోన్ నంబరు అడిగింది, ఓటీపీ అడిగింది. అక్కడే మూసేశాను.

మేము కూడా మూడేళ్ళ క్రితం ఇలాగే సైటు కట్టించుకున్నాం. ముందు రిజిస్టర్ అయితేనే మొక్కల ధరలు కనపడతాయని పెట్టారు. ఆర్డర్లు రాలేదు. ఎందుకు రావట్లేదో ఆర్నెల్లు అర్థం కాలేదు. చివరికి పాత ఖాతాదారు ఒకాయన ఫోన్ చేసి "మీ తోటకొస్తే గేటు దగ్గర ఎవరూ ఆపరు కదండీ, ఇక్కడెందుకు ఆపుతున్నారు" అని అడిగారు. నిజమేగా. కడియపులంకలో ఏ తోటలోకి వెళ్ళినా ముందు మొక్కలు చూపిస్తారు. బేరం కుదిరి, లారీ మాట్లాడేటప్పుడే పేరూ ఊరూ రాసుకుంటారు. ఆ రిజిస్ట్రేషన్ తీయించేశాం. తర్వాత రోజుకి నాలుగైదు ఫోన్లయినా వచ్చేవి.

గట్టుమీద_కోడర్ | సోమవారం, ఉదయం 7:15

బాబాయిగారూ, ఇది నాకు తట్టనే లేదు. ఎవరు చూస్తున్నారో లెక్క తెలుస్తుందని పెట్టాను. అది నా అవసరమే గానీ రైతు అవసరం కాదు. రేట్లు అందరికీ తెరిచేస్తాను, పట్టుబడికి పిలిచేటప్పుడు మాత్రమే నంబరు అడుగుతాను.

వత్తు_పొల్లు | సోమవారం, ఉదయం 11:30

రంగులూ బటన్లూ చెప్పారు, అక్షరాల గురించి ఎవరూ మాట్లాడలేదు. నా చూపు అక్కడే ఆగింది.

మీ పేజీలో పైన ఉన్న "మార్కెట్" అన్న మాటని పెద్దది చేసి చూడండి. క వత్తు సగానికి తెగిపోయి "మారెట్" లాగా ఉంది. బటన్ మీద "పట్టుబడి" కాస్తా "పటుబడి" అయింది. కారణం చిన్నదే. ఇంగ్లీషు టెంప్లేట్ తెచ్చి అందులో తెలుగు పోశారు. ఆ టెంప్లేట్‌లో లైన్ ఎత్తు 1.2. ఇంగ్లీషుకి అది సరిపోతుంది. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, పొల్లు ఉంటాయి, కింద వత్తు దిగుతుంది, ఒక్కోసారి రెండు వత్తులు. "రాష్ట్రం" ఎంత కిందికి దిగుతుందో చూడండి. లైన్ ఎత్తు 1.6 నుంచి 1.8 వరకు ఇవ్వండి. బటన్‌కి ఎత్తు బిగించి పెట్టకుండా, లోపల పైనా కిందా ఖాళీ ఇచ్చి వదిలేయండి. అక్షరాన్ని బట్టి అదే పెరుగుతుంది.

వెడల్పు కూడా అంతే. ఇంగ్లీషులో "సెండ్" అంటే నాలుగక్షరాలు. తెలుగులో అదే భావానికి మాట పొడుగవుతుంది. మీ బటన్‌లో "పట్టుబడికి పి" దగ్గర ఆగి చుక్కలు వచ్చాయి. చుక్కల వెనక ఏముందో రైతు ఊహించుకోవాలా? మాట రెండో వరుసలోకి వెళ్ళినా ఫర్వాలేదు, తెగకూడదు.

ఫాంటు: మీరు మండలి వాడారు. అందంగా ఉంటుంది, ఉచితం కూడా. కానీ దానికి ఒకటే మందం. బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనకి తానే అక్షరాన్ని ఉబ్బిస్తుంది, సున్నాలు పూడుకుపోతాయి. రేట్లకి మందం కావాలి కాబట్టి నోటో సాన్స్ తెలుగు వాడండి, అందులో సన్నం నుంచి లావు దాకా అన్నీ ఉన్నాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు తెలుగుకి వద్దు, మాట విడిపోయి చదువు కుంటుపడుతుంది. వాలు అక్షరాలు కూడా వద్దు. సైజు 18 పిక్సెళ్ళకి తగ్గించకండి. ఇంగ్లీషు 16లో చదవగలిగినంత తేలిగ్గా తెలుగు 16లో చదవలేం, ఒకే చోట గీతలు ఎక్కువ.

ఇంకో మాట. "మా గురించి" పేజీలో పిచ్చి గీతలు వచ్చాయి. డీటీపీ సెంటర్లో అను అనే పాత తరహా ఫాంట్లలో కొట్టించిన మేటర్ అతికించారనుకుంటాను. ముందు దాన్ని, అన్ని పరికరాలూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చాలి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, ఈ రోజు ఏ ఫోన్‌లోనైనా చదవొచ్చు.

తెల్లకాగితం | సోమవారం, మధ్యాహ్నం 2:10

అందరూ ఏదో ఒకటి పెంచమంటున్నారు. నాకు మాత్రం పేజీలో మాటలే ఎక్కువనిపించింది. మెనూ మొత్తం మూడు గీతల గుర్తు వెనక దాచేసి, రేట్లకి రూపాయి బొమ్మ, పట్టుబడికి వల బొమ్మ, ఫోన్‌కి రిసీవర్ బొమ్మ పెడితే చదవడం కష్టమైనవాళ్ళకి కూడా అర్థమవుతుంది. పేజీ ప్రశాంతంగా ఉంటుంది.

నర్సాపురం_లేసు | సోమవారం, సాయంత్రం 4:45

ఇక్కడ నేను ఒప్పుకోనండి. మా అత్తగారూ, వీధిలో ఇంకో పదిమందీ లేసు అల్లుతారు. ఆర్డర్లు చూసుకోవడానికి మా చిన్న పేజీ ఉంది. మొదట్లో నేనూ బొమ్మలే పెట్టాను. నక్షత్రం బొమ్మ పెడితే "ఇది పండగ డిజైనా" అని అడిగారు. నేను అనుకున్నది "నచ్చినవి దాచుకోండి" అని. మూడు గీతల గుర్తు నెలరోజుల దాకా ఒక్కరూ నొక్కలేదు, అది గీతల డిజైన్ అనుకున్నారు. బొమ్మ కింద "దాచుకో", "ఆర్డర్లు", "డబ్బు వచ్చిందా" అని రాశాక ఎవరూ నన్ను అడగలేదు.

వల బొమ్మ పెడితే పట్టుబడి అనుకునేవాళ్ళుంటారు, వలలు అమ్ముతారేమో అనుకునేవాళ్ళూ ఉంటారు. ఫోన్ రిసీవర్ బొమ్మ ఒక్కటే అందరికీ తెలుసు. బొమ్మ ఉండనివ్వండి, పక్కన మాట మాత్రం తప్పకుండా ఉండాలి.

లాకుల_దగ్గర | సోమవారం, సాయంత్రం 6:20

నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. మెనూ దాచాలా, చూపాలా అన్న మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసినదానితో చెప్తాను. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళు ప్రధాన కాలువల్లోకి, వాటి నుంచి పిల్ల కాలువల్లోకి, అక్కడి నుంచి తూముల ద్వారా బోదెల్లోకి వచ్చే పద్ధతి ఏర్పడింది. తన చేనుకి ఏ తూము నుంచి నీళ్ళొస్తాయో రైతుకి బోర్డు చూడకుండానే తెలుసు. తూము ఉన్న చోటే ఉంటుంది, ఏటేటా చోటు మారదు కాబట్టి తెలుసు.

సైటులో కూడా రేట్లు, పట్టుబడి, ఫోన్ అని ఉన్నవే మూడు. మూడింటికి దాచడం దేనికి? తెర కింద భాగంలో, బొటనవేలికి అందేచోట వరసగా పెట్టండి. ఏ పేజీకి వెళ్ళినా అవి అక్కడే, అదే వరసలో ఉండాలి. వెనక్కి ఎలా వెళ్ళాలన్న దిగులు మనిషికి రాకూడదు.

తెల్లకాగితం | సోమవారం, రాత్రి 8:00

సరేనండి. మూడే ఉన్నప్పుడు దాచాల్సిన పని లేదు, ఒప్పుకుంటున్నాను. మాటలు తగ్గించమన్న మాట మీద మాత్రం ఉన్నాను. హోమ్ పేజీలో "మా సంస్థ యొక్క లక్ష్యం" అంటూ నాలుగు పేరాలున్నాయి. వాటిని వేరే పేజీకి పంపండి.

గట్టుమీద_కోడర్ | సోమవారం, రాత్రి 8:30

అవి తీసేస్తున్నాను. ఇంకో సందేహం ఉంది. ఫారం మీద "హార్వెస్ట్ రిక్వెస్ట్ సమర్పించండి" అని రాశాను. "నిష్క్రమించు", "సంప్రదించుటకు" కూడా ఉన్నాయి. ఏది ఉంచను?

నర్సాపురం_లేసు | సోమవారం, రాత్రి 9:10

మీ నాన్నగారు ఏజెంటుకి ఫోన్ చేసి ఏమంటారో అదే రాయండి. "రేపు పట్టుబడికి రండి" అంటారు గానీ "అభ్యర్థన సమర్పిస్తున్నాను" అనరు కదా. బటన్ మీద "పట్టుబడికి పిలవండి" అని చాలు. "లాగౌట్" అందరికీ తెలుసు, అలాగే ఉంచండి. "నిష్క్రమించు" అంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. సంస్కృతమా, ఇంగ్లీషా అన్న పట్టింపు వద్దు. నోట్లో నలిగే మాట ఏదైతే అది.

తప్పు జరిగినప్పుడు చూపించే మాటలు కూడా చూసుకోండి. నేను కావాలని తొమ్మిది అంకెలే కొట్టాను. ఎర్రగా ఇంగ్లీషులో "ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్" అని వచ్చి, నేను రాసిన ఊరి పేరు, ఎకరాలు కూడా చెరిగిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి రాయాలంటే ప్రాణం ఉసూరుమంది. "ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి, 9 ఉన్నాయి" అని ఆ గడి కిందే తెలుగులో చెప్పి, మిగతాది ఉన్నదున్నట్టు ఉంచండి.

పాలకొల్లు_పిక్సెల్ | సోమవారం, రాత్రి 9:25

దీనికి తోడు, నంబరు గడిలో వేలు పెట్టగానే అంకెల కీబోర్డే రావాలి. నంబరు మధ్యలో ఖాళీ వదిలినా, ముందు 91 చేర్చినా తప్పనకుండా నువ్వే సర్దుకో. ఓటీపీ ఫోన్ తనంతట తానే నింపేలా ఆటోకంప్లీట్ పెట్టు. ఒక్కొక్క అంకెకి ఒక్కొక్క గడి వద్దు, అన్నిటికీ ఒకటే గడి చాలు.

చెవులతో_చదువుతా | మంగళవారం, ఉదయం 8:50

నేను రాజమహేంద్రవరం నుంచి. నాకు చూపు లేదు, ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతాను. తెర మీద ఉన్నది అదే చదివి వినిపిస్తుంది. మా అన్నయ్యకి చెరువులున్నాయి, లెక్కలన్నీ నేనే చూస్తాను. అందుకే ఈ సైటు మీద ఆశ పుట్టి తెరిచాను.

మొదట విన్నది: "బటన్, లేబుల్ లేదు. బటన్, లేబుల్ లేదు. బటన్, లేబుల్ లేదు." మూడు బొమ్మల బటన్లు అవి. పక్కన మాట రాస్తే నాకు కూడా ఆ మాటే వినపడుతుంది, కాబట్టి నర్సాపురం వారు చెప్పింది నా కోసం కూడా చెప్పినట్టే.

తర్వాత రేట్ల దగ్గరికి వచ్చాను. నిన్నటి రేట్లు ఫోటోగా పెట్టారు. అక్కడ నాకు వినపడింది "చిత్రం" అన్న మాట ఒక్కటే. రేట్లని అక్షరాలుగా, పట్టికగా పెట్టండి. పట్టికలో "కౌంట్", "కిలో రేటు" అన్నవాటిని శీర్షికలుగా గుర్తిస్తే, అంకె దగ్గరికి రాగానే అది దేని అంకె అన్నది కూడా నాకు తెలుస్తుంది. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించండి. మీది ఇంగ్లీషని ఉంది కాబట్టి తెలుగు మాటలు చదవడంలో ఫోన్ తడబడుతోంది.

రేటు పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు అని అన్నయ్య చెప్పాడు. నాకు రంగు తెలియదు. ఎరుపూ పచ్చా ఒకేలా కనిపించే మగవాళ్ళు కూడా చాలామందే ఉంటారు. "నిన్నటికంటే 5 రూపాయలు పెరిగింది" అని మాటల్లో రాయండి, రంగు తోడుగా ఉండనివ్వండి. రేటు ఎప్పుడు పెట్టారో టైము కూడా రాయండి. పొద్దున్న ఆరింటి రేటు చూసి మధ్యాహ్నం మాట్లాడితే నష్టపోయేది మేమే.

చివరిగా, వేళ్ళతో పెద్దది చేసుకోకుండా జూమ్ ఆపేశారట. అన్నయ్యకి అద్దాలున్నాయి, ఆయన అడగమన్నాడు. దయచేసి తెరిచేయండి.

గట్టుమీద_కోడర్ | మంగళవారం, ఉదయం 9:30

అక్కడ జూమ్ ఆపింది నేనే. డిజైన్ చెదిరిపోతుందని ఆపాను. ఈ ఉదయమే తీసేశాను. మీరు రాసినది చదివాక కాసేపు కోడ్ ముట్టుకోలేకపోయాను. మార్పులన్నీ అయ్యాక మీకు లింకు పంపిస్తాను, మీరు విని చెప్పాలి.

పాలకొల్లు_పిక్సెల్ | మంగళవారం, ఉదయం 10:15

మార్చాక మమ్మల్ని బాగుందా అని అడగొద్దు. మళ్ళీ చెరువు మీదకి వెళ్ళు. ఐదుగురు చాలు. ఐదుగురి దగ్గర కూర్చుంటే సైటులోని ఇబ్బందుల్లో 85 శాతం దాకా బయటపడతాయని నీల్సన్ 2000లో లెక్కగట్టి చెప్పాడు. ఆ లెక్క మీద వాదనలున్నాయి గానీ, సున్నాకీ ఐదుకీ మధ్య ఎంత తేడా ఉందో నాకు ప్రతి పనిలోనూ కనపడింది. ఒక్క నియమం పెట్టుకో: "రేపు 60 కౌంట్ పట్టాలి, రేటు చూసి పిలవండి" అని పని చెప్పి ఊరుకో. వేలు పెట్టి చూపించకు. వాళ్ళు ఆగిన చోటు రాసుకో.

గట్టుమీద_కోడర్ | తర్వాతి సోమవారం, రాత్రి 9:00

మార్పులన్నీ చేసి శని, ఆదివారాలు ఐదుగురి దగ్గర కూర్చున్నాను: నాన్న, పక్క చెరువు బాబాయ్, చెరువు కాపలా చూసే అతను, లెక్కలు రాసే మా పిన్ని, ఒక ఏజెంటు.

నాన్న ముందు. అదే గట్టు, అంతే ఎండ. ఈసారి తువ్వాలు భుజం మీదే ఉంది. 60 వరుస ఒక్కసారికే పడింది. "పంపుతున్నాం" అని కనపడగానే వేలు తీసి ఆగారు. చేరిందని వచ్చాక ఆ నంబరు గట్టిగా చదివారు.

మీరెవరూ చెప్పనిది బాబాయ్ దగ్గర బయటపడింది. ఆయన రేట్ల పేజీ తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయారు. నోరు విప్పకుండా కూర్చోవడం చాలా కష్టమైంది. చివరికి ఆయనే "నాది 64 కౌంట్ కదరా, ఏ వరుస చూడాలి" అన్నారు. నా పట్టికలో 60 తర్వాత 70. ఏ చెరువులోనూ రొయ్యలు సరిగ్గా పదులకి తూగవు! రోజూ ఈ లెక్కల మధ్యే పెరిగి కూడా నాకు ఈ మాట తట్టలేదు. పైన "మీ కౌంట్ ఎంత?" అని ఒక గడి పెట్టాను. 64 కొడితే 60, 70 రేట్లు రెండూ పక్కపక్కన పెద్దగా వస్తాయి. మధ్య రేటు నేను లెక్క కట్టి చూపించట్లేదు. దాన్ని ఒక్కో కొనుగోలుదారు ఒక్కోలా కడతారు, నేను అంకె రాస్తే అదే ఖాయమనుకుంటారు.

పిన్ని "డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో ఎక్కడా లేదే" అంది. రేటు పక్కనే అదీ చేర్చాను. కాపలా అతనికి ఏ ఇబ్బందీ రాలేదు. ఏజెంటు తన నంబరు ముందే కనపడాలన్నారు, దానికి నేను ఒప్పుకోలేదు.

ఒక సమస్య మిగిలింది. చెరువుల చివర సిగ్నల్ నిలవదు. పేజీ తెరుచుకోక తెల్లగా ఉండిపోతోంది.

చెవులతో_చదువుతా | తర్వాతి సోమవారం, రాత్రి 9:40

లింకు తెరిచాను. "60 కౌంట్, కిలో రేటు" అని వరసగా వినిపించింది. ఎవరి సాయం లేకుండా రేటు చూసుకుని అన్నయ్యకి నేనే చెప్పాను.

పాలకొల్లు_పిక్సెల్ | తర్వాతి సోమవారం, రాత్రి 10:00

సిగ్నల్ సంగతికి సర్వీస్ వర్కర్ రాయి. చివరిసారి చూసిన రేట్లు ఫోన్‌లోనే దాచి, నెట్ లేనప్పుడు అవే చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. అవి పాత రేట్లని, ఎన్ని గంటలవో, అంకెల కంటే ముందే పెద్దగా కనపడాలి. టాక్‌బ్యాక్‌లో కూడా ముందు అదే వినపడాలి. పట్టుబడి కబురు కూడా ఫోన్‌లో ఉంచి, సిగ్నల్ రాగానే పంపేలా చేయొచ్చు. కానీ "ఇంకా వెళ్ళలేదు" అని స్పష్టంగా రాయకపోతే రైతు వెళ్ళిందనుకుని ఎదురుచూస్తాడు. అప్పటిదాకా అక్కడ మామూలు ఫోన్ కాల్ బటన్ చూపించు.

గట్టుమీద_కోడర్ | తర్వాతి సోమవారం, రాత్రి 10:20

ఈ రాత్రికే మొదలుపెడతాను అన్నా. "పాత రేటు" అని రాయాలా, "నిన్నటి రేటు, సిగ్నల్ లేదు" అని రాయాలా అన్నది పొద్దున్న గట్టు మీద నాన్ననే అడుగుతాను.